పాఠం 12 : యుద్ధకాలపు ఫోటోలు, పతకాలు – వాటిని చదవడం, దాచుకోవడం

12.0 ఉపోద్ఘాతం

మీ ఇంట్లో ఒక పాత పెట్టె ఉందనుకోండి. అందులో రంగు వెలిసిన ఒక ఫోటో, మాసిపోయిన రిబ్బను కట్టిన ఒక పతకం ఉన్నాయి. ఫోటోలో సైనిక దుస్తులు వేసుకున్న యువకుడు నిలబడి ఉన్నాడు. “ఇది ఎవరిది?” అని మీరు అడిగితే, “మీ ముత్తాతది, మిలట్రీలో ఇచ్చారట” అని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పారు. ఏ సంవత్సరం, ఏ ఊరు, ఏ యుద్ధం అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు.

ఇలాంటి పెట్టెలు చాలా ఇళ్ళలో ఉన్నాయి. అందులోని వస్తువులు పోలేదు గాని, వాటి కథ పోయింది. కథ తెలిసిన మనిషి ఉన్నంతకాలం ఫోటో మాట్లాడుతుంది. ఆ మనిషి పోయాక, రాసి పెట్టినది ఏమీ లేకపోతే, ఆ ఫోటో ఎవరో తెలియని ఒక ముఖంగా మిగిలిపోతుంది.

ఈ పాఠంలో అండమాన్ నికోబార్ దీవులను ఉదాహరణగా తీసుకుని ఈ విషయం తెలుసుకుందాం. రెండవ ప్రపంచ యుద్ధంలో శత్రుసైన్యం ఏళ్ళ తరబడి ఆక్రమించిన భారతీయ ప్రాంతం ఇది. బెంగాలీ, హిందీ, తమిళం మాట్లాడేవారితో పాటు తెలుగువారు కూడా అక్కడ పెద్ద సంఖ్యలో నివసిస్తున్నారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్ళి స్థిరపడినవారు.

12.1 ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :
• యుద్ధకాలంలో అండమాన్ దీవులలో జరిగిన ముఖ్య సంఘటనలను తేదీలతో చెప్పగలుగుతారు.
• ఒక పాత ఫోటోను చూసి, అది ఏమి చూపుతున్నదో, ఏమి చూపడం లేదో వివరించగలుగుతారు.
• పతకం మీది గుర్తులు, రిబ్బను రంగుల అర్థం తెలుసుకోగలుగుతారు.
• పతకం అందని వారి జ్ఞాపకం ఎలా నిలుస్తుందో, ఎలా పోతుందో చెప్పగలుగుతారు.
• మీ ఇంట్లోని ఫోటోలకు, పతకాలకు వివరణ పత్రం రాయగలుగుతారు.

12.2 యుద్ధకాలంలో అండమాన్ దీవులు

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాను సైన్యానికి లొంగిపోయింది. వేలాది భారతీయ, బ్రిటిష్, ఆస్ట్రేలియా సైనికులు బందీలయ్యారు. నాలుగు రోజుల తరువాత, ఫిబ్రవరి 19న, ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్ నగరం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. మార్చి 23న జపాను సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది. బ్రిటిష్ ప్రభుత్వం తన సైనికులను అంతకుముందే అక్కడి నుంచి తరలించింది. కనుక జపాను వారికి ఎదురు నిలిచినవారు లేరు. ఆ తరువాత రెండు వారాలకు, ఏప్రిల్ 6న, మన విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. ఈ తేదీలను వరుసగా చూస్తే ఒక విషయం మీకు అర్థమవుతుంది. డార్విన్‌లో ఉన్నవారికి, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నవారికి, కాకినాడలో ఉన్నవారికి యుద్ధం దాదాపు ఒకే సమయంలో ఇంటి గడప దాకా వచ్చింది.

అండమాన్ దీవులు మూడున్నర సంవత్సరాలు జపాను ఆధీనంలో ఉన్నాయి. ఆ కాలంలో నేతాజీ సుభాష్ చంద్రబోస్ అక్కడికి వచ్చారు. ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వం 1943 అక్టోబరు 21న సింగపూర్‌లో ఏర్పడింది. ఆ ప్రభుత్వాధినేతగా ఆయన 1943 డిసెంబరు 29న పోర్ట్ బ్లెయిర్ చేరి, 30న జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశారు. దీవులకు ‘షహీద్’, ‘స్వరాజ్’ అని పేర్లు పెట్టారు. అయితే అసలు అధికారం జపాను సైన్యం చేతిలోనే ఉండిపోయింది.

అదే సమయంలో సెల్యులర్ జైలులో స్థానికులు అనేకమంది నిర్బంధంలో ఉన్నారు. బ్రిటిష్ వారికి గూఢచారులుగా పనిచేస్తున్నారని వారిపై నేరం మోపారు. వారిలో డాక్టర్ దివాన్ సింగ్ ఒకరు. ఆయన వైద్యుడు, పంజాబీ కవి. జైలులో చిత్రహింసలకు గురై 1944 జనవరి 14న మరణించారు. జనవరి 30న హంఫ్రీగంజ్ అనే చోట 44 మందిని జపాను సైనికులు కాల్చి చంపారు. యుద్ధం చివరి రోజులలో, 1945 ఆగస్టులో, తిండి కొరత తీవ్రమైనప్పుడు వందలాది మందిని పడవలలో హావ్‌లాక్ దీవి వైపు తీసుకుపోయి సముద్రంలోకి దింపివేశారు. వారిలో ఎక్కువమంది మునిగిపోయారు.

1945 అక్టోబరులో పోర్ట్ బ్లెయిర్‌లో జపాను సైన్యం లాంఛనంగా లొంగిపోయింది. 116వ భారతీయ పదాతి బ్రిగేడ్ దీవులను స్వాధీనం చేసుకుంది.

పాఠగత ప్రశ్నలు 12.1
1. జపాను సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో ఎప్పుడు దిగింది?
2. హంఫ్రీగంజ్‌లో ఎంతమంది మరణించారు? ఏ తేదీన?

12.3 ఫోటోను ఎలా చదవాలి?

ఫోటోను చూడడం వేరు, చదవడం వేరు. చూసినప్పుడు ముఖాలు కనిపిస్తాయి. చదివేటప్పుడు మనం ప్రశ్నలు వేసుకుంటాం. ముఖ్యమైన ప్రశ్నలు నాలుగు : దీనిని ఎవరు తీశారు? ఎప్పుడు, ఎక్కడ తీశారు? ఎవరికి చూపించడానికి తీశారు? కెమెరా చట్రంలో పడనిది ఏమిటి?

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. నేతాజీ సెల్యులర్ జైలును సందర్శించినప్పటి ఫోటోలు నేటికీ మనకు దొరుకుతున్నాయి. పుస్తకాలలో మీరు కూడా చూసి ఉండవచ్చు. బ్రిటిష్ వారు మన స్వాతంత్ర్య వీరులను బంధించిన జైలులోకి ఒక భారతీయ నాయకుడు తలెత్తుకుని నడిచి వెళ్ళడం గొప్ప దృశ్యం. ఆ ఫోటో అబద్ధం కాదు. కాని ఆ రోజు డాక్టర్ దివాన్ సింగ్ అదే జైలులో బందీగా ఉన్నారు. ఆ తరువాత రెండు వారాలకే ఆయన చనిపోయారు. జైలు లోపల జరుగుతున్నది నేతాజీ దాకా రాకుండా జపాను అధికారులు జాగ్రత్తపడ్డారని చరిత్రకారులు అనేకులు రాశారు. ఫోటోలో జైలు కనిపిస్తుంది. గదులలో ఉన్నవారు కనిపించరు.

దీనివల్ల మనం గ్రహించవలసినది ఏమిటి? ఒక ఫోటో నిజమే చెప్పవచ్చు, కాని మొత్తం నిజం చెప్పకపోవచ్చు. కనుక ఒకే ఫోటోతో ఆగిపోకూడదు. దాని ప్రక్కన ఇంకొక ఆధారం పెట్టి చూడాలి. అది ఒక ఉత్తరం కావచ్చు, ఆఫీసు కాగితం కావచ్చు, అక్కడ ఉన్న మనిషి చెప్పిన మాట కావచ్చు.

కొన్నిసార్లు ఫోటోనే మార్చడం కూడా జరుగుతుంది. ఇది కంప్యూటర్లు వచ్చాక మొదలైన పని కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, ఆస్ట్రేలియా సైన్యానికి అధికారిక ఫోటోగ్రాఫరుగా పనిచేసిన ఫ్రాంక్ హర్లీ కొన్ని నెగటివ్‌లను కలిపి ఒకే చిత్రంగా తయారుచేశాడు. యుద్ధం ఎంత భయంకరమో ఒక్క ఫోటోలో ఇమడదని, అందుకే కలపవలసి వచ్చిందని ఆయన వాదం. ఆ సైన్యం చరిత్ర రాస్తున్న చార్లెస్ బీన్ ఒప్పుకోలేదు. అవి నకిలీలని, చరిత్రకు పనికిరావని అన్నాడు. ఇద్దరి ఉద్దేశ్యమూ సైనికుల కష్టాన్ని లోకానికి చెప్పడమే. అయినా దారులు వేరయ్యాయి. మీరు ఎటువైపు ఉంటారో ఆలోచించండి.

తేదీ ఎందుకు ముఖ్యం?

పోర్ట్ బ్లెయిర్ జింఖానా మైదానంలో 1943 డిసెంబరు 30న పతాకం ఎగిరింది. రెండేళ్ళు తిరగకముందే, 1945 అక్టోబరులో, అదే మైదానంలో జపాను సేనాధిపతులు లొంగిపోయారు. తేదీ లేకుండా “జింఖానా మైదానంలో సైనికులు” అని మాత్రమే రాస్తే, ఆ ఫోటో ఏ రోజుదో, ఆ సైనికులు ఎవరి సైనికులో తెలియదు.

సంవత్సరం కూడా రాయాలి. జనవరి 30 అనగానే మనకు 1948లో గాంధీజీ మరణం గుర్తుకు వస్తుంది. దేశమంతటా అది అమరవీరుల దినం. అండమాన్‌లో అదే తేదీకి 1944 నాటి హంఫ్రీగంజ్ దుఃఖం కూడా ఉంది. ఫోటో వెనుక ‘జనవరి 30, శ్రద్ధాంజలి’ అని మాత్రమే ఉంటే అది దేనికి సంబంధించినదో ముందు తరం వారికి తెలియదు.

ఊరి పేరు ఎలా రాయాలి?

ఊళ్ళ పేర్లు మారుతుంటాయి. 2018 డిసెంబరు 30న, నేతాజీ పతాకం ఎగురవేసి 75 ఏళ్ళు నిండిన సందర్భంగా, రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అనీ, నీల్ దీవికి షహీద్ ద్వీపం అనీ, హావ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీపం అనీ పేర్లు మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. ఈ పాఠంలో ఆనాటి సంఘటనలు చెబుతున్నాము కనుక ఆనాటి పేర్లే వాడాము. మీరు ఫోటోకు వివరణ రాసేటప్పుడు మాత్రం రెండు పేర్లూ రాయండి. పాత పేరు ఒక్కటే రాస్తే ఆ ఊరు ఎక్కడ ఉందో మీ మనవలు వెతుక్కోవలసి వస్తుంది. కొత్త పేరు ఒక్కటే రాస్తే పాత కాగితాలతో పొంతన కుదరదు.

పాఠగత ప్రశ్నలు 12.2
1. ఫోటోను చదివేటప్పుడు వేసుకోవలసిన నాలుగు ప్రశ్నలు ఏవి?
2. వివరణలో ఊరి పాత పేరు, కొత్త పేరు రెండూ ఎందుకు రాయాలి?

12.4 పతకాన్ని ఎలా చదవాలి?

పతకం చిన్న వస్తువు. కాని దాని మీద ఉన్న ప్రతి గుర్తుకూ అర్థం ఉంటుంది. లోహం ఏది, ముందువైపు ఏముంది, వెనుకవైపు ఏముంది, రిబ్బను రంగులు ఏవి, అంచు మీద అక్షరాలు ఉన్నాయా అన్నవి వరుసగా గమనించాలి.

రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సైనికుల ఇళ్ళలో ఆరు కోణాలున్న లోహపు నక్షత్రం కనిపించవచ్చు. దాని మీద ‘1939–1945 స్టార్’ అని ఇంగ్లీషులో ఉంటుంది. రిబ్బనులో మూడు సమానమైన చారలు ఉంటాయి. ముదురు నీలం నౌకాదళానికి, ఎరుపు భూసైన్యానికి, లేత నీలం వైమానిక దళానికి గుర్తు. బర్మా యుద్ధరంగంలో పనిచేసినవారికి ‘బర్మా స్టార్’ అనే మరొక నక్షత్రం ఇచ్చారు. భారతీయ దళాలకు ప్రత్యేకించి ‘ఇండియా సర్వీస్ మెడల్’ కూడా ఉంది.

అంచు మీది అక్షరాలు చాలా ముఖ్యం. రెండవ ప్రపంచ యుద్ధపు పతకాలను ఆస్ట్రేలియా ప్రభుత్వం సైనికుని పేరు చెక్కించి ఇచ్చింది. బ్రిటన్ తన సైనికులకు పేరు లేకుండానే ఇచ్చింది. పేరు ఉన్న పతకం ఎక్కడ దొరికినా, ఎన్నాళ్ళకు దొరికినా, అది ఎవరిదో కనుక్కోవచ్చు. పేరు లేని పతకం ఇంటి పెట్టె దాటి బయటకు వెళ్ళిందంటే, ఎవరిదో చెప్పడం అసాధ్యం. అందుకే మీ ఇంట్లో పతకం ఉంటే ముందు దాని అంచును వెలుతురులో పెట్టి చూడండి. నంబరు గాని, పేరు గాని కనిపిస్తే వెంటనే రాసుకోండి.

స్వాతంత్ర్యం వచ్చాక మన దేశం తన సొంత పతకాలను ఏర్పాటు చేసుకుంది. వాటిలో అత్యున్నతమైనది పరమవీర చక్ర. దీనిని 1950 జనవరి 26న నెలకొల్పారు. 1947 ఆగస్టు 15 నుంచి జరిగిన సాహస కార్యాలకు వర్తింపజేశారు. ఈ కంచు పతకం రూపకర్త సావిత్రి ఖనోల్కర్. ఐరోపాలో పుట్టి, భారతీయ సైనికాధికారిని వివాహమాడి, మన పురాణాలను శ్రద్ధగా చదివిన మహిళ ఆమె. పతకం మధ్యలో రాజముద్ర, దాని చుట్టూ నాలుగు వజ్రాయుధాలు ఉంటాయి. దధీచి మహర్షి లోకరక్షణ కోసం తన వెన్నెముకను ఇచ్చాడనీ, దానితో ఇంద్రుని వజ్రాయుధం తయారయిందనీ మీరు కథలలో వినే ఉంటారు. తన దేహాన్నే ఇచ్చినవానికి ఈ గుర్తు తగినదని ఆమె ఎంచుకున్నారు. రిబ్బను ఊదారంగులో ఉంటుంది.

ఇప్పటివరకు ఈ పతకం పొందినవారు 21 మంది. వారిలో 14 మందికి మరణానంతరమే లభించింది. 2023 జనవరి 23న అండమాన్ నికోబార్‌లో పేరు లేని 21 పెద్ద దీవులకు ఈ 21 మంది పేర్లు పెట్టారు. వాటిలో అన్నిటికంటే పెద్ద దీవికి, మొదటి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ పేరు పెట్టారు. ఆయన 1947 నవంబరు 3న కాశ్మీరులోని బడ్గాం వద్ద మరణించారు. 1961లో ఐక్యరాజ్య సమితి దళంలో పనిచేస్తూ ఆఫ్రికాలోని కాంగోలో మరణించిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా పేరు, 1965లో ఖేమ్‌కరణ్ వద్ద మరణించిన అబ్దుల్ హమీద్ పేరు కూడా ఆ దీవులకు ఉన్నాయి. అరచేతిలో ఇమిడే పతకం మీది జ్ఞాపకం ఈ విధంగా దేశపటం మీదికి ఎక్కింది.

పాఠగత ప్రశ్నలు 12.3
ఖాళీలు పూరించండి.
1. పరమవీర చక్ర రూపకర్త ______________.
2. ‘1939–1945 స్టార్’ రిబ్బనులో ఎరుపు రంగు ______________ కు గుర్తు.
3. 2023లో అండమాన్ నికోబార్‌లో ______ దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు.

12.5 పతకం అందనివారు

ఇప్పుడు ఒక ముఖ్యమైన విషయం దగ్గరకు వచ్చాము. పతకం ఇచ్చేది ప్రభుత్వం. ప్రభుత్వం ఎవరి సేవను సేవగా గుర్తించిందో వారికే పతకం అందుతుంది. కాని యుద్ధంలో కష్టపడినవారు వారు మాత్రమే కాదు.

ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికుల సంగతి చూడండి. వారు బ్రిటిష్ ప్రభుత్వానికి ఎదురు తిరిగి పోరాడారు. కనుక బ్రిటిష్ పతకాలు వారికి రాలేదు. ‘షేర్ ఎ హింద్’ వంటి పతకాలను నేతాజీయే వారి కోసం ఏర్పాటు చేశారు. చాలా ఏళ్ళ తరువాత, 1972లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకంలో వారికి చోటు దొరికింది. ఒకే ఊరిలో ఒక ఇంట బర్మా స్టార్, ప్రక్క ఇంట ఫౌజ్ సైనికుని ఫోటో ఉండవచ్చు. ఆ ఇద్దరూ అదే అడవులలో ఎదురెదురుగా నిలబడి ఉండవచ్చు. రెండు ఇళ్ళ జ్ఞాపకాలూ నిజమైనవే.

హంఫ్రీగంజ్‌లో మరణించిన 44 మందికి ఏ పతకమూ లేదు. వారు సైనికులు కారు. వారి జ్ఞాపకంగా ఆ చోట ‘బలిదాన్ వేది’ అనే స్మారకం ఉంది. డాక్టర్ దివాన్ సింగ్ పేరు మీద శ్రీ విజయపురంలో గురుద్వారా ఉంది. ఆయన కుటుంబం చండీగఢ్ దగ్గరి సిస్వాన్‌లో ఆయన స్మారక మ్యూజియం ఏర్పాటు చేసింది. ఒక కుటుంబం పట్టుదలగా కాగితాలు, ఫోటోలు దాచడం వల్ల ఒక మనిషి జ్ఞాపకం ఎలా నిలుస్తుందో దీనిలో చూడవచ్చు. హావ్‌లాక్ దగ్గర మునిగిపోయినవారి విషయంలో ఇలా జరగలేదు. ఎంతమంది మరణించారన్న లెక్క కూడా ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెబుతారు.

దీవుల బయట కూడా ఇలాంటి ఉదాహరణ ఒకటి ఉంది. అది మన తెలుగువారికి సంబంధించినది. 1942–43లో జపాను సైన్యం బర్మా–థాయిలాండ్ రైలుమార్గం వేయించింది. బందీలైన ఆస్ట్రేలియా సైనికులలో సుమారు 2,800 మంది ఆ పనిలో మరణించారు. మలయా రబ్బరు తోటల నుంచి తీసుకుపోయిన తమిళ, తెలుగు కూలీలతో సహా ఆసియా శ్రామికులు దాదాపు 90 వేల మంది మరణించి ఉంటారని అంచనా. థాయిలాండ్‌లోని కాంచనబురి శ్మశానానికి వెళితే సైనికుల సమాధులు వరుసలుగా, పేర్లతో కనిపిస్తాయి. కూలీలలో ఎక్కువమందికి సమాధి లేదు, జాబితాలో పేరు లేదు. సైన్యం తన మనుషుల లెక్క రాసుకుంది. కూలీల లెక్క రాసేవారు లేకపోయారు. మరణం ఇద్దరికీ ఒకటే అయినా, జ్ఞాపకం ఒకటి కాలేకపోయింది. ఆ తేడాకు కారణం రాత.

12.6 ఇతర చోట్ల జ్ఞాపకాలను ఎలా నిలుపుకుంటున్నారు?

ఆస్ట్రేలియా జనాభా మన దేశంతో పోలిస్తే చాలా తక్కువ. అయినా ఆ దేశం తన సైనికుల జ్ఞాపకాన్ని ఎంతో శ్రద్ధగా కాపాడుకుంటున్నది. రాజధాని కాన్‌బెర్రాలో 1941లో ప్రారంభమైన యుద్ధ స్మారకం ఉంది. అక్కడి కంచు ఫలకాల మీద 1,03,000 కు పైగా పేర్లు ఉన్నాయి. పేరు ముందు హోదా రాయలేదు. సేనాధిపతి అయినా, సామాన్య సైనికుడు అయినా పేరు ఒకే విధంగా ఉంటుంది. ప్రతి సాయంత్రం ఆ పేర్లలో ఒకరి కథను చదివి వినిపిస్తారు.

ఏప్రిల్ 25న ఆ దేశంలో ‘అంజాక్ దినం’ జరుపుకుంటారు. 1915లో గల్లిపోలి తీరంలో సైనికులు దిగిన రోజు అది. ఆ యుద్ధంలో భారతీయ సైనికులు కూడా వారి ప్రక్కన పోరాడారు. ఆ రోజు ఊరేగింపులో సైనికులు తమ పతకాలను ఎడమ రొమ్ము మీద ధరిస్తారు. చనిపోయినవారి పిల్లలు, మనవలు ఆ పతకాలను కుడివైపు ధరిస్తారు. కుడివైపు పతకం ఉందంటే, “ఇది నాది కాదు, మా పెద్దలది” అని అర్థం. మాట లేకుండానే ఆ తేడా అందరికీ తెలుస్తుంది.

మన దేశంలో కూడా న్యూఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైంది. స్వాతంత్ర్యం తరువాత ప్రాణాలిచ్చిన 25,000 కు పైగా సైనికుల పేర్లు అక్కడ రాతిపలకల మీద చెక్కారు. పేర్లు రాయడం ప్రభుత్వం చేయగలదు. కాని ఆ పేరుగల మనిషి ఏ కూర ఇష్టంగా తినేవాడో, ఇంటికి రాసిన ఉత్తరాలలో ఏమడిగేవాడో ఇంటివారికే తెలుస్తుంది. ఆ భాగం రాయవలసింది మీరే.

12.7 మీ ఇంట్లో మీరు చేయదగిన పని

అడిగి తెలుసుకోవడం

పెద్దవారిని ఎలా అడగాలో చూపడానికి ఒక ఊహా సంభాషణను కింద ఇస్తున్నాము. శ్రీకాకుళం ప్రాంతం నుంచి అండమాన్‌కు వెళ్ళి స్థిరపడిన ఇంట్లో మనవరాలు తాతను అడుగుతున్నది.

మనవరాలు : తాతా, ఈ పతకం ఎవరిది?
తాత : మా అయ్యదమ్మా. మిలట్రీలో ఇచ్చారు.
మనవరాలు : ఎక్కడ పనిచేశారు?
తాత : బర్మాలో అని మా అమ్మ చెప్పేది.
మనవరాలు : ఆయన నీకు చెప్పలేదా?
తాత : లేదమ్మా. యుద్ధం మాట ఎత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.
మనవరాలు : ఆయన కాగితాలు ఏమైనా ఉన్నాయా?
తాత : డిశ్చార్జి కాగితం ఉండేది. సునామీలో నీళ్ళొచ్చి పోయింది. ఈ పతకం మా చెల్లి దగ్గర వైజాగ్‌లో ఉంది గనక మిగిలింది.

ఈ అమ్మాయి అడిగిన ప్రశ్నలు చిన్నవి. కాని ‘ఆయన నీకు చెప్పలేదా?’ అన్న ప్రశ్న విలువైనది. తాత స్వయంగా తండ్రి నోట విన్నాడా, తల్లి చెప్పగా విన్నాడా అన్నది దానివల్ల తేలింది. చూసినది, విన్నది, ఊహించినది వేరువేరుగా రాయాలి. తండ్రి మౌనం కూడా ఒక సమాచారమే. దానిని వదలకుండా రాయండి. చెప్పడానికి ఇష్టపడనివారిని మాత్రం బలవంతపెట్టకండి.

2004 డిసెంబరు 26 సునామీలో ఈ దీవులలో ఇళ్ళతో పాటు ఎన్నో పెట్టెలు కొట్టుకుపోయాయి. వస్తువు ఒక్క చోటే ఉంటే ఒక్క ప్రమాదంతో పోతుంది. కనుక ప్రతి ఫోటోకు, పతకానికి సెల్‌ఫోనుతో రెండువైపులా బొమ్మ తీసి, వేరే ఊరిలో ఉన్న బంధువులకు కూడా పంపి ఉంచండి.

వివరణ పత్రం రాయడం

పైన చెప్పిన పతకానికి ఆ అమ్మాయి ఇలా రాసుకోవచ్చు :

వస్తువు : ఆరు కోణాల లోహపు నక్షత్రం. రిబ్బను సగం చిరిగింది.
ఎవరిది : తాతగారి తండ్రిది. (పూర్తి పేరు, ఇంటి పేరుతో రాయాలి.)
సొంత ఊరు : (ఊరు, మండలం, జిల్లా. పాత పేరు, కొత్త పేరు.)
అంచు మీది అక్షరాలు : (ఉన్నది ఉన్నట్టు రాయాలి. చదవలేని అక్షరం దగ్గర చుక్క పెట్టాలి.)
తెలిసినది : సైన్యంలో పనిచేశారు. తాత చిన్నప్పుడు ఈ పతకాన్ని ఇంట్లో చూశారు.
విన్నది : బర్మాలో పనిచేశారని తాతకు వాళ్ళ అమ్మ చెప్పారు.
తెలియనిది : రెజిమెంటు, సంవత్సరాలు.
రాసినవారు, తేదీ : (మీ పేరు, నేటి తేదీ.)

‘తెలియనిది’ అనే వరుసను చూసి సిగ్గుపడవద్దు. తెలియనిది తెలియదని రాస్తే, వెతకవలసినది ఏమిటో తరువాతివారికి తెలుస్తుంది. ఊహించి నింపితే వారు తప్పుదారి పడతారు.

భద్రపరచడం

దీవులలోను, మన కోస్తా జిల్లాలలోను గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. కనుక ఈ జాగ్రత్తలు పాటించండి.
• పతకాన్ని చింతపండుతోగాని, పాలిష్‌తోగాని తోమవద్దు. తోమినకొద్దీ అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి.
• పతకాన్ని అంచులతో పట్టుకోండి. చేతి చెమట లోహాన్ని మరక చేస్తుంది.
• ఫోటో మీద పెన్నుతో రాయవద్దు. వెనుకవైపు, అంచు దగ్గర, మెత్తని పెన్సిలుతో తేలికగా రాయండి.
• చిరిగిన ఫోటోకు సెల్లోటేపు అంటించవద్దు. కొన్నాళ్ళకు ఆ జిగురే పసుపుపచ్చని మరక అవుతుంది.
• ఫోటోలను ఎండ తగిలే గోడకు తగిలించవద్దు. నకలు తీసి దానిని తగిలించండి. అసలును పొడి కాగితంలో చుట్టి పెట్టెలో ఉంచండి.
• వానాకాలం పోయాక పెట్టె తెరిచి, నీడలో గాలి తగలనివ్వండి.

12.8 సారాంశం

ఫోటో ఒక క్షణాన్ని చూపుతుంది. దాని ముందు, వెనుక ఏమి జరిగిందో ఇతర ఆధారాలతో తెలుసుకోవాలి. పతకం మీది గుర్తులు, రంగులు, అక్షరాలు ఒక సైనికుని సేవను తెలుపుతాయి. కాని ప్రభుత్వం గుర్తించినవారికే పతకాలు అందుతాయి. హంఫ్రీగంజ్‌లో మరణించినవారు, రైలుమార్గం పనిలో మరణించిన కూలీలు వంటివారి జ్ఞాపకం ఎవరో ఒకరు పేరు రాస్తేనే నిలుస్తుంది. పేరు, తేదీ, ఊరు, చెప్పినవారు ఎవరు అన్న ఈ నాలుగు వివరాలు రాసి ఉంచడం చదువు వచ్చిన ప్రతి ఒక్కరూ చేయగల పని. మీరు ఇప్పుడు చదవడం, రాయడం నేర్చుకుంటున్నారు. మీ ఇంట్లో ఆ పెట్టె కథ తెలిసిన పెద్దవారు ఉంటే, ఈ పుస్తకం మూసి ముందు వారి దగ్గరకు వెళ్ళండి. పాఠాంత ప్రశ్నలు రేపు రాసుకోవచ్చు.

12.9 పాఠాంత ప్రశ్నలు

1. “ఫోటో అబద్ధం చెప్పకపోయినా మొత్తం నిజం చెప్పకపోవచ్చు.” ఈ వాక్యాన్ని అండమాన్ ఉదాహరణతో వివరించండి.
2. పేరు చెక్కిన పతకానికి, పేరు లేని పతకానికి ఉన్న తేడా ఏమిటి?
3. ఫ్రాంక్ హర్లీ, చార్లెస్ బీన్ అభిప్రాయాలలో మీరు దేనిని సమర్థిస్తారు? పది వాక్యాలలో రాయండి.
4. మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని ఉన్న ఒక పాత ఫోటోకు వివరణ పత్రం తయారుచేయండి. ఇంట్లో సైనికులు లేకపోయినా ఫరవాలేదు. రైల్వేలో, ఓడరేవులో, తోటలో పనిచేసినవారి ఫోటో అయినా తీసుకోవచ్చు.

12.10 పాఠగత ప్రశ్నలకు జవాబులు

12.1 : 1. 1942 మార్చి 23న. 2. 44 మంది, 1944 జనవరి 30న.
12.2 : 1. ఎవరు తీశారు, ఎప్పుడు ఎక్కడ తీశారు, ఎవరికి చూపించడానికి తీశారు, చట్రంలో పడనిది ఏమిటి. 2. పాత కాగితాలతో పొంతన కుదరడానికి పాత పేరు, ఇప్పుడు ఆ ఊరిని గుర్తుపట్టడానికి కొత్త పేరు అవసరం.
12.3 : 1. సావిత్రి ఖనోల్కర్. 2. భూసైన్యానికి. 3. 21.